పంపు సిద్ధంగా ఉందన్న ఉత్తరం

బొగ్గు కంపెనీ జనరల్ మేనేజర్ కార్యాలయంలో డిస్పాచ్ సెక్షన్ సూపరింటెండెంట్‌గా రిటైరైన మరుసటి ఏడాది, జూలై మొదటి సోమవారం, గోదావరిఖనిలో ఓదెలు పంపుల వర్క్‌షాపులో ఉత్తర ప్రత్యుత్తరాల పనికి చేరాను. ఓదెలు గనిలో ఫిట్టరుగా చేసి, ముందే ఉద్యోగం వదులుకుని ఈ షాపు పెట్టాడు. వానాకాలం ఓపెన్‌కాస్టు గనుల్లో నిలిచే నీటిని తోడే పంపులు చెడిపోతే కాంట్రాక్టర్లు అతని దగ్గరికి పంపుతారు. ఆర్డర్లన్నీ ఈమెయిల్‌లో వస్తాయి. ఆ మెయిల్‌కు నన్ను ఇన్‌చార్జిని చేశాడు.

డిస్పాచ్ సెక్షన్ అంటే వచ్చే ఉత్తరాన్ని ఇన్‌వర్డ్‌లో, పోయే ఉత్తరాన్ని అవుట్‌వర్డ్‌లో నంబరు వేసి నమోదు చేసే చోటు. నా సెక్షన్‌లో నియమం ఒకటే: ఈ రోజు వచ్చిన ఉత్తరానికి ఈ రోజే జవాబు. అందుకు రెండుసార్లు ప్రశంసాపత్రం కూడా అందుకున్నాను.

చేరిన మూడో వారంలో, మా మెయిల్ సేవ నడిపే సంస్థ పేరుతో ఒక ఉత్తరం వచ్చింది. విషయం, సూచిక సంఖ్య, తేదీ, కింద హోదా, అన్నీ ఉండవలసిన చోట ఉన్నాయి. మా ఇంజినీర్లు నా సర్వీసులో ఒక్కసారి కూడా అంత శుభ్రంగా రాయలేదు. ఖాతా ధ్రువీకరణ కోసం పాస్‌వర్డ్‌ను ఇరవై నాలుగు గంటల్లో తెలపాలని కోరారు. పదకొండు నిమిషాల్లో తెలిపాను. డైరీలో అవుట్‌వర్డ్ నంబరు కూడా వేశాను.

మర్నాడు ఉదయం మెయిల్ తెరుచుకోలేదు. పాస్‌వర్డ్ ఎవరో మార్చేశారు. పదింటికి ఫోన్లు మొదలయ్యాయి. మా మెయిల్ నుంచి కాంట్రాక్టర్లందరికీ ‘మీ పంపు సిద్ధంగా ఉంది, వివరాలు జతపరచిన ఫైలులో చూడగలరు’ అని ఉత్తరం పోయింది. పాతవాళ్లు నవ్వారు.

"చెప్పిన దినం నువ్వు పంపు ఇచ్చుడా? మెయిల్ సూడంగనే దొంగదని సమజైందే అన్నా," అన్నాడు ఒక కాంట్రాక్టరు ఓదెలుతో.

ఓదెలు జాప్యమే వాళ్లందరినీ కాపాడింది. కొత్తగా వచ్చిన ఒక కాంట్రాక్టు సంస్థకు మాత్రం అతని సంగతి తెలియదు. వాళ్ల సైట్ ఇంజినీరు ఫైలు తెరిచింది. వాళ్ల కంప్యూటర్లు రెండు పడుకున్నాయి. సాయంత్రంలోగా రాతపూర్వక సంజాయిషీ ఇవ్వకపోతే రిపేరు జాబితాలోంచి షాపు పేరు కొట్టేస్తామని చెప్పింది. ఆ వానాకాలం షాపు పనిలో సగం వాళ్లదే. నలుగురు ఫిట్టర్లు ఆ పని మీదే ఉన్నారు.

ముందు మా కంప్యూటరుకు నెట్ తీసేశాం. బ్యాంకుకు, సైబర్ నేరాల హెల్ప్‌లైన్‌కు తెలియజేశాం. మెయిల్ తిరిగి చేతికి రావాలంటే ఖాతాకు ఇచ్చిన ఫోన్ నంబరుకు ఓటీపీ రావాలి. ఆ నంబరు ఎవరిదని ఓదెలును అడిగాను.

"నా పాత సిమ్ము సార్. మా బావకిచ్చిన."

"ఆయన ఎక్కడున్నాడు?"

"శ్రీరాంపూర్ల. ఫస్టు షిఫ్టుల గనిల దిగిండు."

గనిలోకి ఫోన్ తీసుకుపోరాదు. పైన పెట్టెలో పెట్టి, తాళం వేసుకుని దిగుతారు. ఓటీపీ బతికేదేమో కొద్ది నిమిషాలు. గోదావరి దాటి పోయి గని గేటు దగ్గర కూర్చున్నాం. షిఫ్టు ముగిసేదాకా మేం ఖాళీ. దొంగ మాత్రం మా మెయిల్‌లో డ్యూటీ చేసుకుంటూనే ఉన్నాడు.

బావ బొగ్గు మొహంతో వచ్చి సంగతి విన్నాడు. "ఏంది బావా, గీ ముచ్చట పొద్దుగాల్నే చెప్తే నాగా పెట్టి ఇంట్లనే పండుకుందు గదా," అన్నాడు.

ఓటీపీ వచ్చింది. నా ఫోన్‌లోనే కొత్త పాస్‌వర్డ్ పెట్టి, ఖాతా తెరిచి ఉన్న మిగతా యంత్రాలన్నిటినీ బయటికి నెట్టాను. పని అయిపోయిందని ఓదెలు లేచాడు. నేను సెట్టింగులు చివరిదాకా చూశాను. ఆఫీసు ఉత్తరంలో అసలు సంగతి పైన ఉండదు. అడుగున, నకలు ఎవరెవరికి పోయిందో అక్కడ ఉంటుంది. ఇక్కడా అంతే. మాకు వచ్చే ప్రతి మెయిల్ నకలు తెలియని ఒక చిరునామాకు పోయేలా దొంగ ఏర్పాటు చేసి ఉంచాడు. దాన్ని తీసేశాను. ఫోన్ నంబరు మార్చి, కొత్త చోట తెరిస్తే పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ కూడా అడిగేలా పెట్టాను.

గేటు ఎదుట టీ కొట్టులో సంజాయిషీ రాశాను. ‘పొరపాటు జరిగినట్లు గుర్తించడమైనది.’ సర్వీసంతా రాసిన వాక్యమే. ఇంజినీరుకు ఫోన్‌లో చదివి వినిపించాను.

"గుర్తించుడు సరే సార్. చేసిందెవరు?" అని అడిగింది.

ఓదెలు నా మొహం చూడలేదు, టీ గ్లాసు చూశాడు. ‘పాస్‌వర్డ్ ఇచ్చినది నేను’ అని రాసి, డైరీ చూసి సమయం వేసి, సంతకం పెట్టి ఫొటో పంపాను. కర్త ఉన్న సంజాయిషీ రాయడం నాకు అదే మొదలు.

జాబితాలో పేరు ఉంచారు. ఒక్కటే షరతు: మెయిల్ నా చేతిలో ఉండరాదు. ఓదెలు దాన్ని భార్య లక్ష్మికి అప్పగించాడు. ఏ ఉత్తరం వచ్చినా, ఉత్తరంలో ఉన్న నంబరుకు కాక, తన దగ్గర ముందే ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడిగాకే ఆమె జవాబిస్తుంది. పాస్‌వర్డ్ నాకు కూడా చెప్పదు. "మీకు చెప్తే ఊరందరికి చెప్పినట్టే సార్," అంటుంది.

జవాబివ్వని ఉత్తరాలు ఎప్పుడూ పేరుకునే ఉంటాయి. నా సెక్షన్‌లో అయితే ఆమెకు నేనే మెమో ఇచ్చేవాణ్ని. షాపు మాత్రం నడుస్తోంది. ఉత్తరం అందిందనడానికి ఉత్తరమే సాక్ష్యం. పంపినవారు ఎవరన్నది విడిగా విచారించవలసిన అంశం.