నాలుగోసారి మారని దీపం

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, ఏప్రిల్‌లో, మహబూబాబాద్ జిల్లాలోని ఒక పాలిటెక్నిక్‌లో డిజిటల్ ల్యాబ్ పరీక్షకు ఇంటర్నల్ ఎగ్జామినర్‌గా పనిచేశాను. ఎలక్ట్రానిక్స్ శాఖాధిపతిని కాబట్టి ఆ పని నాదే. ఎక్స్‌టర్నల్ హైదరాబాద్ నుంచి వచ్చారు, సర్వీసులో నాకంటే సీనియర్. మార్కుల జాబితా మీద మా ఇద్దరి సంతకాలూ ఉంటేనే అది చెల్లుతుంది.

ఫ్లిప్-ఫ్లాప్ అంటే ఒక్క బిట్టును, అంటే ఒకటినో సున్నానో, గుర్తుపెట్టుకునే సర్క్యూట్. అందులో రకాలున్నాయి. ఎస్సార్ రకానికి రెండు మీటలు: ఒకటి దీపం వెలిగిస్తుంది, రెండోది ఆర్పుతుంది, రెండూ ఒకేసారి వాడకూడదు. డీ రకం క్లాక్ పల్స్, అంటే స్విచ్ నొక్కితే వెళ్లే విద్యుత్ సంకేతం, వచ్చిన క్షణాన ఎదురుగా ఏముంటే దాన్ని పట్టి ఉంచుతుంది. జేకే రకానికి రెండు ఇన్‌పుట్లకూ ఒకటి ఇస్తే, పల్స్ వచ్చిన ప్రతిసారీ ఉన్నదానికి వ్యతిరేకంగా మారుతుంది. ఆ రెండు ఇన్‌పుట్లనూ కలిపేస్తే అదే టీ రకం.

కురవి దగ్గర తండా నుంచి వచ్చే సునీతకు ఆ రోజు టీ రకం పడింది. భూపాలపల్లిలో అప్రెంటిస్‌గా అప్పటికే ఎంపికైంది, జూన్‌లోగా డిప్లొమా చూపించాలి. ఈ పరీక్ష పోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది.

పదిసార్లు స్విచ్ నొక్కి, దీపం ఎప్పుడు వెలిగిందో పట్టికలో రాయాలి. రావాల్సిన వరుస ఒకటి, సున్నా, ఒకటి, సున్నా. సునీత పట్టికలో నాలుగోసారీ ఏడోసారీ దీపం మారలేదని ఉంది. ఎక్స్‌టర్నల్ గారు ఎర్ర కలంతో అడ్డంగా గీత కొట్టారు. "టీ ఫ్లిప్-ఫ్లాప్ కూడా రాదా? రికార్డు చూసి సరిగ్గా మళ్లీ రాయి, పాస్ చేస్తాను" అన్నారు.

చాలామంది ఆ మాటకు దండం పెట్టి రాసేవారు. ఆ అమ్మాయి కలం ముట్టలేదు.

"నేను సూసింది గదే సార్. నొక్కిన గని లైటు మారలే. లేంది ఎట్ల రాయాలె?"

ఆయన నవ్వి, ఆ 'సూసింది'ని అదే యాసలో తిరిగి అన్నారు. అదే యాస మాట్లాడే జఫర్‌గఢ్‌లో పుట్టిన నాకు ఒళ్లు మండింది. పరీక్ష ముగియడానికి ఇంకా నలభై నిమిషాలున్నాయి, కారణం చెప్పి సర్క్యూట్ సరిచేసే హక్కు ఆమెకుందని నిబంధన చదివి వినిపించాను. ఎందుకు మారలేదని సునీతనే అడిగాను.

"స్విచ్చు లోపలి రేకు ఎగురుతున్నది మేడమ్. మనం ఒక్కసారే నొక్కుతం, గది రెండుసార్లు తాకుతది. మా బాయికాడ మోటర్ స్టార్టర్ గూడ గిట్లనే టకటక కొట్టుకుంటది."

రెండు పల్స్‌లు పడితే దీపం మారి, కంటికి అందే లోపే మళ్లీ మొదటికొస్తుంది. సరిగ్గా అదే జరిగింది. ప్రయోగం కిట్‌తో వచ్చిన పల్సర్, అంటే నొక్కితే ఒక్క పల్సే ఇచ్చే మీట, రెండేళ్ల కిందే పాడైతే, బజారులో కొన్న మామూలు స్విచ్ బిగించమన్నది నేనే.

సునీత న్యాండ్ గేట్లనే చిన్న లాజిక్ సర్క్యూట్లు రెండింటిని ఒకదానికొకటి కలిపి ఎస్సార్ రకం కట్టింది. కిట్ మీదున్న, అటూ ఇటూ పడే రెండు వైపుల స్విచ్‌ను దానికి తగిలించి, దాని అవుట్‌పుట్‌ను క్లాక్‌కు ఇచ్చింది. తలుపు గొళ్లెం ఒకసారి పడ్డాక తలుపు ఎంత ఊగినా తెరుచుకోదు కదా, ఇదీ అంతే: మొదటి తాకిడికే పడిపోతుంది, తర్వాత రేకు ఎంత ఎగిరినా పట్టించుకోదు. పదిసార్లు స్విచ్ వేసింది. పదిసార్లూ దీపం మారింది.

ఎక్స్‌టర్నల్ గారు బల్ల మీది పట్టికల కట్టను ముందుకు లాక్కున్నారు. తర్వాత ఆయన పట్టుకున్న పాయింట్ గట్టిదే, కాదనను. అదే బోర్డు మీద పొద్దుటి నుంచి ఇదే ప్రయోగం చేసిన మిగతా పిల్లల పట్టికలు ఒక్క తప్పూ లేకుండా ఎలా వచ్చాయని అడిగారు. ఈమెది నిజమైతే వాళ్లంతా రికార్డు చూసి దించినవాళ్లే, అందర్నీ ఫెయిల్ చేద్దామా అన్నారు. నేను వెనక్కి తగ్గుతాననుకున్నారు.

నిజమే, అందరూ దించారు. బోర్డు చూడకుండా రికార్డులోంచి 'రీడింగులు' రాయడం మా ల్యాబుల్లో ఏళ్లుగా ఉన్న అలవాటు. ఆ రికార్డుల ప్రతి పేజీ కింద నా సంతకం ఉంది. ఆ చెడ్డ స్విచ్‌తో అంత చక్కని వరుస ఎలా వచ్చిందని నేను ఒక్కరోజూ అడగలేదు. సిగ్గేసింది.

"ఆ తప్పు నా పేరు మీద రాస్తాను. పిల్లల జోలికి పోకండి. సునీతకు రావాల్సిన మార్కులు వేయకపోతే జాబితా మీద నా సంతకం ఉండదు" అన్నాను.

జాబితా లేకుండా ఆయన హైదరాబాద్ వెళ్లలేరు. మార్కులు వేశారు. నేను కూడా మాట ప్రకారం స్విచ్ సంగతీ, దించిన పట్టికల సంగతీ, బాధ్యత నాదేననీ నివేదికలో రాసి పై ఆఫీసుకు పంపాను. నెల తిరక్కుండా మెమో వచ్చింది, సంజాయిషీ ఇమ్మని. రాసినదంతా నిజమేనని ఒక్క వాక్యంలో జవాబిచ్చాను.

సునీత జూన్‌లో భూపాలపల్లిలో చేరింది. ఆ తర్వాత నా ల్యాబులో పరీక్ష రోజున రికార్డులు బీరువాలో పెట్టి తాళం వేయించాను, ఏ పట్టిక కింద సంతకం పెట్టాలన్నా ముందు నేనే స్విచ్ నొక్కి చూశాను. ముప్పై ఏళ్లు పాఠం చెప్పాక నేర్చుకున్నది ఇంతే. మెమో ఇప్పటికీ నా సర్వీసు ఫైలులో ఉంది. క్షమించమని ఒక అర్జీ పెట్టుకుంటే తీసేస్తామన్నారు. పెట్టలేదు.