నెమళ్లను అదిలించే గొంతు

నెమలిని చూసి మురిసిపోయేవాళ్లను ఒక్క వారం మా ఇంట్లో ఉండి చూడమంటాను. బస్సులో పోతూ కిటికీలోంచి "అబ్బ, ఎంత బాగున్నాయో" అనడం తేలికే. వేరుశనగ విత్తిన మర్నాడు ఇరవై నెమళ్లు సాళ్ల వెంబడి బారులు తీరి, వేసిన గింజను వేసినట్టే తవ్వుకు తింటుంటే అందం సంగతి ఎవరికి గుర్తుంటుంది? మిరప నారు తుంచేస్తాయి. టమాటాలు పండీ పండకముందే పొడిచి వదిలేస్తాయి. ఇంటి పైకెక్కి పెంకులు జార్చేస్తాయి. ఒక మగనెమలైతే మోటారుసైకిలు అద్దంలో తన మొహమే చూసుకుని, ఇంకోటి వచ్చిందనుకుని రోజూ దాంతో తగువు పడేది. చివరికి మా ఆయన ఆ అద్దానికి పాత బనీను తొడిగాడు. పోనీ పట్టి ఎక్కడైనా వదిలేద్దామా అంటే, వాటి మీద చెయ్యి వేస్తే కేసు.

తరమడానికి మేం చేయని పని లేదు. మా ఆయన చొక్కా, ప్యాంటు తొడిగి దిష్టిబొమ్మను నిలబెడితే, రెండో రోజుకే ఒక నెమలి దాని భుజమెక్కి ఈకలు సవరించుకుంది. మెరిసే రిబ్బన్లు కట్టాం, గాలి ఆడని రోజున అవి ఉన్నా లేనట్టే. కుక్కను తెచ్చాం. అది ఒక్క గోటి దెబ్బ తిని మంచం కింద చేరి, తిండికి తప్ప బయటికి రావడం మానేసింది. ఆ నెమళ్లు లోకంలో భయపడింది ఒక్కదానికే. అది మా ఆడపడుచు గొంతు.

ఆమె మా ఆయన చెల్లెలు, నాకన్నా మూడేళ్లు చిన్న. మొగుడితో పొసగక, పది రోజులుండి పోదామని చేతిసంచితో పుట్టింటికి వచ్చింది. వచ్చిన మూడో రోజు పొద్దున పెరట్లో పళ్లు తోముకుంటూ చేలోని నెమళ్లను చూసి ఒక కేక పెట్టింది. "హో...య్" అని కింద మొదలై, పైపైకి పోయి, అక్కడ ఠక్కున విరిగే కేక. ఇరవై నెమళ్లూ ఒక్కసారి లేచి వాగు దాటిపోయాయి. మా ఆయన కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని తాగడం మర్చిపోయి చెల్లెలి వంక చూశాడు. ఆ పది రోజులు ఎనిమిదేళ్లయ్యాయి.

తెల్లారింది మొదలు పదింటిదాకా, మళ్లీ మూడింటి నుంచి చీకటి పడేదాకా ఆమె చేలో మంచె మీద ఉండాలి. నాలుగు కర్రలు, పైన ఒక రేకు, అదీ మంచె. అది దిగితే వంటిల్లు, అది దాటితే కిటికీ లేని వెనక గది. ఎవరింట్లో పెళ్లయినా నేనూ మా ఆయనా వెళ్లేవాళ్లం. "అందరం పోతే ఎలా?" అనేవాడాయన. అందరం అంటే ఆమె ఒక్కతే అని ముగ్గురికీ తెలుసు. "నాకు జ్వరమొచ్చినా పదికీ మూడుకీ మధ్యలోనే రావాలి వదినా" అని నవ్వేది. ఊళ్లోవాళ్లు ఆమెకు మైకక్క అని పేరు పెట్టారు. దానికీ నవ్వేది.

ఆ ఎనిమిదో ఏట ఒకరోజు పొద్దున పట్నం బస్టాండు మేనేజరు కారు మా చేను పక్కన పంక్చరైంది. చక్రం మార్చేలోపు ఆయన నాలుగు కేకలు విన్నాడు. ఐదోది వినగానే గట్టు దిగి మంచె దగ్గరికే వచ్చేశాడు. బస్సుల రాకపోకలు మైకులో చెప్పే అమ్మాయి ఉద్యోగం మానేసిందట, ఆ చోటు ఖాళీగా ఉందట. "ఇంత స్పష్టమైన గొంతు పక్షుల పాలవుతోందేంటమ్మా" అన్నాడు. పట్నం పిలిపించి, చదివించి చూసి, ఒకటో తారీఖున చేరమన్నారు. ఆడవాళ్ల హాస్టల్లో గది కూడా చూపించారు. ఆ గదికి కిటికీ ఉందనీ, అందులోంచి రోడ్డు మీద మనుషులు కనిపిస్తారనీ ఆమె నాకు మూడుసార్లు చెప్పింది.

ఆ పదిహేను రోజులూ మా వంటిల్లే బస్టాండు. "ప్రయాణికులకు గమనిక. అన్నయ్యగారి కాఫీ ఒకటో నంబరు పొయ్యి మీద సిద్ధంగా ఉన్నది. వదినగారి కోపం మరికొద్దిసేపట్లో బయలుదేరును" అనేది. నాకు నవ్వు ఆగేది కాదు. నవ్వుతున్నంతసేపూ లోపల గుబులు గుబులుగా ఉండేది.

మా ఆయన వద్దనలేదు. వద్దనే మనిషైతే పోట్లాడైనా వెళ్లొచ్చు. ఆయన వద్దనడు, అదే ఆయనతో వచ్చిన చిక్కు.

"వెళ్లమ్మడూ, ఎవరు కాదన్నారు? నెమళ్ల సంగతేం చేద్దామో చెప్పి వెళ్లు" అన్నాడు.

ఆమె దానికీ దారి చూపించింది. రేడియోలు బాగుచేసే షాపతన్ని పిలిపించి తన కేకలన్నీ రికార్డు చేయించింది. అతను బ్యాటరీతో నడిచే స్పీకరు పెట్టె ఒకటి కట్టి ఇచ్చాడు. కాసేపటికొకసారి దానంతట అదే కేకేస్తుంది. ఐదు రోజులు తనే చోటు మారుస్తూ చేలో పెట్టి చూస్తే ఒక్క నెమలి కూడా దిగలేదు.

"అవి తెలివిగలవి వదినా" అని నన్ను కూర్చోబెట్టి మరీ చెప్పింది. "రోజూ ఒకే చోటు నుంచి కేక వస్తే మనిషి కాదని కనిపెట్టేస్తాయి. పొద్దున్నే చోటు మార్చాలి. ఇవాళ గట్టు మీద, రేపు బావి దగ్గర, ఎల్లుండి మంచె కింద. అదొక్కటీ మర్చిపోకు."

"ఇంత చిన్న పని నాకు చేతకాదా?" అన్నాను.

మా ఆయన ఇంకొక పరీక్ష పెట్టాడు. "నాలుగు రోజులు నువ్వు ఇల్లు దాటి రాకు. పెట్టె సంగతి మీ వదిన చూసుకుంటుంది. నెమళ్లు రాకపోతే నేనే బస్సెక్కిస్తా" అన్నాడు. ఆమె సంతోషంగా వెనక గదిలోకి పోయి బట్టలు సర్దుకోసాగింది.

ఆ నాలుగు రోజులూ నేను పెట్టె చోటు మార్చలేదు. మర్చిపోయి కాదు, ఒంట్లో బాగాలేకా కాదు. మొదటి రోజు పొద్దున గట్టు దాకా వెళ్లి పెట్టె పిడి మీద చెయ్యి కూడా వేశాను. ఈమె వెళ్లిపోతే ఈ పిడి రోజూ నా చేతిలోనే ఉంటుందనిపించింది. ఇక పెళ్లిళ్లకు ఆయనొక్కడే వెళ్తాడు, "అందరం పోతే ఎలా" అన్న మాట నాకొస్తుంది. రోజుకి నాలుగు మాటలు మాట్లాడే మనిషితో, నన్ను నవ్వించే దిక్కు లేకుండా, ఆ ఇంట్లో ఎన్నేళ్లు ఉండాలి? ఎవరో ఒకరు ఇక్కడ కట్టుబడిపోక తప్పకపోతే అది నేను మాత్రం కాకూడదనుకున్నాను. చెయ్యి తీసేసి, ఇంటికొచ్చి బియ్యం కడిగాను.

నాలుగో రోజు పొద్దున మా ఆయన కేకేసి పిలిచాడు. పెట్టె "హో...య్" అంటోంది. దాని చుట్టూ ఏడు ఆడనెమళ్లు తీరిగ్గా గింజలు తవ్వుకుంటున్నాయి. మగది సరిగ్గా పెట్టె మీదే నిలబడి పురి విప్పింది. మా ఆడపడుచు చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి, ఒక్క క్షణం చూసి, తనే కేక పెట్టింది. అన్నీ లేచిపోయాయి.

"వదినా, రోజూ చోటు మార్చావా?"

"మార్చాను" అన్నాను.

ఆమె నా మాట నమ్మింది. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఒక్కసారి గద్దించి అడిగితే చెప్పేసేదాన్నేమో. "అయితే నా గొంతు కనిపెట్టేశాయన్నమాట" అని, రాలేనని మేనేజరుకు ఫోన్ చేయమని అన్నగారితో చెప్పి, మంచె ఎక్కేసింది. ఆ సాయంత్రం మా ఆయన ఎదురింటాయనతో, "మా చెల్లెలి గొంతుకి సాటొచ్చే మిషను ఇంకా పుట్టలేదు" అని గొప్పలు పోయాడు. పెట్టె అటకెక్కింది. నేను కొన్నాళ్లు ఆమెకు ఇష్టమైనవన్నీ వండిపెట్టాను. "ఏంటి వదినా, నేను వెళ్లలేదని ఇంత సంబరమా?" అంటే ఇంకో గరిటె వడ్డించాను.

ఆ తర్వాత తొమ్మిదేళ్లు అరిచింది. కేక మొదట బొంగురుపోయింది, తర్వాత మధ్యలో తెగిపోసాగింది. ఈ ఏడు ఒక పొద్దున నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. నెమళ్లు తలలెత్తి చూసి మళ్లీ మేతలో పడ్డాయి. పట్నంలో డాక్టరు గొంతులోకి గొట్టం దింపి చూసి, లోపల మాట పుట్టే చోట కాయలు కాశాయన్నాడు, పలుగు పట్టిన చేతులకు కాసినట్టు. రెండు నెలలు నోరు మెదపకూడదట. ఆ తర్వాత మెల్లగా మాట్లాడవచ్చు గానీ, అరవడం మాత్రం ఈ జన్మకి కుదరదట.

మా ఆయన అటక మీంచి పెట్టె దింపి కొత్త బ్యాటరీ వేయించాడు. ఇంట్లో ఇంకెవరున్నారు, పిడి నా చేతికే వచ్చింది. ఈసారి మార్చకుండా ఉంటే విత్తిన చేను మాకు దక్కదు. పొద్దున్నే మోసుకెళ్లి ఒకరోజు గట్టు మీద, ఒకరోజు బావి దగ్గర, ఒకరోజు మంచె కింద పెట్టాను. తొమ్మిదేళ్ల కిందటి ఆమె గొంతు చేనంతా మోగింది. వారం గడిచింది, నెల గడిచింది. ఒక్క నెమలి దిగలేదు.

"అప్పుడు పనిచెయ్యని పెట్టె ఇప్పుడెలా పనిచేస్తోందబ్బా?" అన్నాడు మా ఆయన.

"కొత్త బ్యాటరీ కదా" అన్నాను.

మా ఆడపడుచు వరండాలో కుర్చీ వేసుకుని, మెడకి గుడ్డ చుట్టుకుని, నేను పెట్టె మోయడం చూస్తూ కూర్చునేది. ఒక్కొక్క కేక వినపడుతుంటే నా వీపు మీద వాత పెట్టినట్టుండేది. ఆమె మాట్లాడకూడదు. నేను మాట్లాడవచ్చు, అయినా నోరు రాలేదు.

రెండు నెలలూ నిండాక డాక్టరుకు చూపించుకుని, ఇక మెల్లగా మాట్లాడవచ్చని చెప్పించుకుని, తిరుగు ప్రయాణానికి బస్టాండులో కూర్చున్నాం. మా బస్సుకి ఇంకా ముప్పావు గంట ఉంది. మైకులో ఎవరో అమ్మాయి చెబుతోంది. మా ఆడపడుచు స్తంభానికున్న స్పీకరు వైపు తలెత్తి, ఆ అమ్మాయితోపాటే పెదాలు కదుపుతోంది. ప్లాట్‌ఫాం నంబర్లు, వేళలు, ఆలస్యానికి చింతిస్తున్నాం అనే మాటతో సహా అన్నీ ఆమెకింకా కంఠతా ఉన్నాయి. ఇక ఆపుకోలేకపోయాను.

"ఆ నాలుగు రోజులూ నేను పెట్టె చోటు మార్చలేదే. ఒక్కరోజు కూడా మార్చలేదు. కావాలనే" అన్నాను.

ఆమె పెదాలు ఆగాయి.

"తెలుసు వదినా" అంది. గాలి ఎక్కువ, గొంతు తక్కువ. "నువ్వు పెట్టె మోయడం మొదలెట్టిన మూడో వారానికే తెలిసిపోయింది."

"తెలిసీ ఒక్క మాట అనలేదేం? నోటితో కాకపోతే కాగితం మీదైనా నాలుగు తిట్లు రాయొచ్చుగా?"

ఆమె మెడకున్న గుడ్డ సర్దుకుని నా వైపు తిరిగింది.

"అరవకూడదన్నారుగా డాక్టరుగారు" అంది.