ప్రతి ఫోటోలోనూ కూర్మనాథం మాస్టారు

కూర్మనాథం మాస్టారికి ఉన్న జబ్బు ఒక్కటే. ఎక్కడ ఫోన్ పైకి లేచినా ఆ ఫోటోలోకి దూరిపోయి భయంకరమైన ముఖం పెడతారు. కనుగుడ్లు బయటికి పొడుచుకొచ్చేలా చూస్తూ, పళ్ళు ఇకిలించి, నాలుక గడ్డం దాకా వేలాడదీసి నిలబడతారు. మామూలప్పుడు ఆయనది చక్కని ముఖమే. ఫోటో తీయడం అయిపోగానే మళ్ళీ ఆ చక్కని ముఖమే వచ్చేస్తుంది. హైమకి ఒళ్ళు మండేది అందుకే.

హైమ బర్మాలోని యాంగాన్‌లో, చౌక్తడా పేటలోని ఒక ప్రైవేటు కాలేజీలో ఆటల విభాగం ఫేస్‌బుక్ పేజీ చూసుకుంటుంది. మాస్టారు అక్కడే పిల్లలకి ఆటలు నేర్పుతారు. కాలేజీకంటూ ఒక రంగు, ఒక గుర్తు, ప్రతి ఫోటోలో ఒకే రకం వెలుతురు ఉండాలి. చూడగానే ఫలానా కాలేజీ పిల్లలని ఊరంతా గుర్తుపట్టాలి. అదీ ఆమె పని. ఒకసారి బురదలో బోర్లా పడుకుని, అమ్మాయిలు ఫుట్‌బాల్ ఆడుతుండగా బంతి గాల్లోకి లేచిన క్షణాన్ని పట్టుకుంది. ఇంటికెళ్ళి చూసుకుంటే బంతి పక్కనే మాస్టారి నాలుక ఉంది.

"ఏటి మాస్టారూ ఇది? ఎందుకలగ చేస్తారు?" అని మర్నాడు మీద పడింది.

"దిష్టమ్మా, దిష్టి! ఇల్లు కడితే బొమ్మ కట్టరేటి? బండి కొంటే నిమ్మకాయ కట్టరేటి? ఇంతమంది పిల్లల్ని ఊరందరికీ చూపిస్తన్నావు, ఏటీ కట్టకుండానే?"

"అయితే నిమ్మకాయలే కట్టండి!"

"కట్టినాను కదా. రిఫరీ తీయించీసినాడు."

అదీ నిజమే. గోలు స్తంభానికి ఆయన నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చి కడితే, ఆ బర్మా రిఫరీ ఇదేదో అవతలి జట్టు మీద చేసిన చేతబడి అనుకుని ఆట ఆపేశాడు. ఆ కథ పజుండౌంగ్ పేటలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. ఆ రోజు నుంచే దిష్టిబొమ్మ పని మాస్టారు స్వయంగా పుచ్చుకున్నారు.

హైమ ఊరుకునే రకం కాదు. ఫోటో అంచు కత్తిరించి ఆయన్ని తీసేసింది. మాస్టారు మధ్యకి జరిగారు. ఆయన ముఖం మీద కాలేజీ గుర్తు అతికించింది. "ఇవాళ సయా ఏ ముఖం పెట్టారో చూపించండి" అంటూ జనం కామెంట్లలో గోల పెట్టారు. బర్మా పిల్లలు మాస్టార్ని సయా అంటారు. హైమ ఎంచిన రంగు గురించి మాత్రం ఒక్కడూ ఒక్క ముక్క రాయలేదు. ఆ కోపంలో రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు కూడా. ఆయన ఆ సంగతి గమనించనే లేదు.

చివరికి కాలేజీ యజమాని కనకరాజు పిలిపించాడు.

"ఇది కాలేజీ పేజీయేటమ్మా, జాతరేటి? నది అవతల తన్లిన్‌లో ఫైనల్ కదా. ఆ ముకం లేని ఫోటో ఒక్కటి పెట్టు. నీ వల్ల కాకపోతే పేజీ మరొకరు చూసుకుంటారు."

ఫైనల్ రోజు మైదానంలో దిగగానే హైమ అబద్ధం ఆడింది. "మాస్టారూ, ఐసు పెట్టె బస్సులోనే ఉండిపోయింది!" ఆయన బస్సు వైపు పరిగెత్తారు. ఈలోగా హైమ అమ్మాయిల్ని వరసగా నిలబెట్టి, బంతిని గుండెకి హత్తుకుని నవ్వుతున్న గోల్‌కీపర్ లక్ష్మీప్రియని మధ్యలో ఉంచి ఫోటో తీసేసింది. "ఈ గోడని దాటగలరా?" అని రాసి పేజీలో పెట్టింది. ఏ నాలుకా లేని మొట్టమొదటి ఫోటో అది.

ఆట చివర్లో బంతి నెమ్మదిగా దొర్లుతూ వచ్చి లక్ష్మీప్రియ చేతుల్లోంచి జారి, కాళ్ళ మధ్య నుంచి గోల్లోకి పోయింది. కప్పు పోయింది.

తిరుగుప్రయాణంలో బస్సు వంతెన ఎక్కేసరికే పేజీ నిండిపోయింది. గోడకి కన్నం పడిందని ఒకడు, చేతులకి వెన్న రాసుకుందా అని ఇంకొకడు. ఆ నవ్వు చూడండి అని ఒకడు, ఆ ఒంటి రంగు చూడండి అని మరొకడు. లక్ష్మీప్రియ అన్నీ చదివి ఫోన్ బోర్లా పెట్టేసింది.

"అక్కా, నాను ఇంక ఆటకి రాను."

హైమకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక ఆడపిల్లని ఇన్ని మాటలనడానికి వీళ్ళకి నోరెలా వచ్చింది? ఆ పిల్లని వీళ్ళ ముందు నిలబెట్టింది తనే కదా అని మరీ మండింది. వెళ్ళి మాస్టారి పక్కన కూర్చుంది.

"మాస్టారూ, ఇంతకుముందూ ఓడిపోయినాం. అప్పుడు పిల్లల్ని ఎవరూ ఏటీ అనలేదే?"

"ఎందుకంతారు? నన్ను తిట్టడానికే టయిం చాలదు వాళ్ళకి."

"అంటే మీరు కావాలనే..."

"దిష్టంటే మరేటనుకున్నావు? నలుగురి కళ్ళు పడతాయి, నలుగురి నోళ్ళు లేస్తాయి. ఎవరో ఒకరి మీద పడాలి కదా. పిల్లల మీదెందుకు? నా మీద పడితే ఏటి పోయింది? ఈ వయసులో నాకు సంబందాలు తప్పిపోతాయేటి?"

హైమ ఫోన్ తెరిచింది. ఆ ఫోటోని పేజీలోంచి తీసేసింది. దానితోపాటే తిట్లన్నీ పోయాయి. వంతెన దాటాక టీ కొట్టు దగ్గర బస్సు ఆపించి, వెలుతురు పోకముందే అందర్నీ కిందికి దింపింది. లక్ష్మీప్రియ మాస్టారి వీపు వెనక దాక్కుంది. మాస్టారు కళ్ళు తెరిచి నాలుక చాపారు. హైమ తన ఫోన్ డ్రైవరు చేతిలో పెట్టి, వెళ్ళి ఆయన పక్కన నిలబడి, ఉన్న కోపమంతా ముఖంలోకి తెచ్చుకుని తనూ నాలుక బయటపెట్టింది. ఆ ఫోటోనే పేజీలో పెట్టింది.

బస్సు పజుండౌంగ్ చేరకముందే కనకరాజు ఫోన్ చేశాడు.

"సయాకి జోడీ దెయ్యం దొరికిందని రాస్తన్నారు జనం. ఎవరమ్మా ఆ రెండో దెయ్యం?"

"మీ పేజీ చూసుకునే మనిషినండి. కావాలంటే నన్ను మార్చుకోండి. ఫోటో మాత్రం పేజీలోంచి తీయను."

"మా ఇంట్లో ఆడవాళ్ళు నవ్వలేక చస్తన్నారు. ఉండనీ," అని పెట్టేశాడు.

మాస్టారు మాత్రం ఆ ఫోటోని పెద్దది చేసుకుని చూసి పెదవి విరిచారు. "ఏటమ్మా ఇది? ఈ ముకానికి పిల్లి కూడా జడవదు."

వెనక సీట్లోంచి లక్ష్మీప్రియ తల బయటికి పెట్టింది. "నాను నేర్పుతాను మాస్టారూ. అక్కా, రేపు ప్రాక్టీసుకి పెందరాళే వచ్చీండి."