ఎవరి కుప్ప ఎవరిదో

ఈ రోజు మా షెడ్డులో మిరపకాయలకి తొడిమలు తీసే పనికి ఈ సీజనులో ఆఖరి రోజు. మా ఆవిడ పోయాక ఇదే మొదటి సీజను. సాయంత్రం ఆడవాళ్లందరికీ స్వీట్ల ప్యాకెట్లు ఇచ్చి, "ఈ ఏడు అందరూ బాగా చేశారు" అన్నాను.

పన్నెండేళ్లుగా మా దగ్గర పనిచేస్తున్న సువార్తమ్మ ప్యాకెట్ తీసుకుని, "వచ్చే ఏడు నేను రానండి. పక్క షెడ్డుకి పోతున్నా" అంది. కూలి ఎక్కువిస్తున్నారా అని అడిగాను.

"కూలి అంతేనండి. అమ్మగారైతే కుప్పల మధ్య నడుస్తా, ఎవరూ చెప్పకుండానే ఇది సువార్తది, ఇది కోటమ్మది అనేవారు. ఒక్క కాయ చిట్లకుండా తీశావే అనేవారు. మీరేమో అందరూ బాగా చేశారంటారు. అందరూ అంటే ఎవరండీ?"

వెనక నుంచి కోటమ్మ, "ఊరుకోవే, అయ్యగారికి బస్తాలే తెలుసు" అంది.

నిజమే. మా ఆవిడ అలా ఎలా గుర్తుపట్టేదో ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు. ఇంకా తూకం వేయని రెండు కుప్పల దగ్గరికి వెళ్లి, అవి ఎవరివో చెప్పాలని నేనూ ప్రయత్నించాను. రెండూ తప్పే. అందరూ పడీపడీ నవ్వారు, సువార్తమ్మ కూడా.

మీరు పనిచేసే చోట, పని చూసి మనిషి పేరు చెప్పగలిగేవాళ్లు ఉన్నారా? ఉంటే అదెలాగో రాయండి.

రేపు ఉదయం బుట్టెడు కాయలు తీసుకుని సువార్తమ్మ ఇంటికి వెళ్తాను. ఆమె తీసిన కాయని ఎలా గుర్తుపట్టాలో ముందు నేర్చుకుంటాను. మానొద్దని అడగడం ఆ తర్వాత.