గంజి పెట్టిన గుడ్డ

కడపలో, సర్కస్‌లోలా గుడ్డ పట్టుకుని గాలిలో వేలాడే విద్యకు పూనుకున్నది, నాకు తెలిసి, నేనొక్కదాన్నే. ఇంకెవరూ రాయలేరు కనుక రాస్తున్నాను.

నెట్ సెంటర్లో ఆ విద్య వీడియో ఆగి ఆగి వచ్చేది. గ్రంథాలయంలోని సర్కస్ పుస్తకమే నా గురువు. కింద ఒకరు లేనిదే ఎక్కవద్దని అందులో ఉంది. పిలిస్తే ఎవరూ రాలేదు. ఖాళీ వేరుశనగ గోదాములో దూలానికి గుడ్డ కట్టి ఒంటరిగా ఎక్కాను. అంతకుముందే, ఇంట్లో నూలుబట్టలన్నిటికీ పెట్టినట్టే దానికీ గంజి పెట్టాను. ఆ బిరుసు గుడ్డ పాదానికి చుట్టుకోక జారిపడ్డాను.

చప్పుడు విని కాపలాదారు భార్య వచ్చి గుడ్డ తడిమింది.

"గంజి పెట్టినావా? పెండ్లికి కట్టుకుపోతావా ఏందమ్మా దీన్ని? ఒక్కదానివే ఎక్కొద్దు. రేపు నేనొచ్చి కూసుంటా."

వచ్చింది. రోజూ కింద కూర్చుని కాయలు ఒలిచేది, తల ఎత్తేది కాదు. నేను పైన ఏం చేశానో ఎవరూ చూడలేదు.

పుస్తకమిచ్చిన గ్రంథపాలకుడికి, కింద కూర్చున్న ఆమెకు కృతజ్ఞతలు.