జపాన్ బండిలో గ్రానైట్ గట్టు

నా పదవీ విరమణకు పద్నాలుగు నెలలు మిగిలి ఉండగా, ఆషాఢం మొదట్లో, కొత్త బండ్ల తనిఖీ పని మళ్ళీ నాకు అప్పగించారు. నా హోదా మోటారు వాహనాల తనిఖీ అధికారి. ఆఫీసులో ఎంవీఐ అంటారు. ఎండలో నిలబడి లారీలు ఆపే పనితో పోలిస్తే ఇది నీడపట్టు ఉద్యోగం. షోరూం నుంచి వచ్చే బండ్లలో చూడాల్సింది పెద్దగా ఉండదు. బాడీ విడిగా కట్టించిన బండి, విదేశం నుంచి తెచ్చిన బండి మాత్రం ఆఫీసు ఆవరణలోకి వచ్చి తీరాలి. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీసుకోవాలి. కొలతలు డ్రాయింగుతో సరిచూడాలి. ధర్మకాంటా వాళ్ళిచ్చిన బరువు చీటీ చూసి, దరఖాస్తు మీద సంతకం పెట్టాలి. అంతా కలిపి ఇరవై నిమిషాల పని.

ఆ వారం వచ్చిన బండి విదేశం నుంచి తెచ్చిందీ, బాడీ కట్టించిందీ కూడా. జపాన్ మినీ ట్రక్కు. మన ఆటో ట్రాలీకి పెద్దన్నలా ఉంది. బానెట్ ఎత్తబోయాను, బానెట్టే లేదు. ఇంజను సీటు కింద ఉంటుందని యజమానురాలు చెప్పాల్సి వచ్చింది. ముప్పై ఏళ్ళు బండ్లు చూసినవాణ్ణి, అటెండరు ముందు పరువు పోయింది.

ఆమె పేరు సుజాత. చిక్కడపల్లిలో కిరాయి ఇల్లు. జపాన్‌లో ఒక వృద్ధాశ్రమంలో ఆరేళ్ళు నర్సుగా చేసి, అక్కడ డ్యూటీకి తిరగడానికి కొనుక్కున్న బండిని వెంట తెచ్చుకుంది. వాడిన బండి దిగుమతికి షరతులు చాలా ఉన్నాయి. తయారై మూడేళ్ళు దాటకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి, ముంబై రేవులో దిగాలి, దిగాక పొగ, బ్రేకులు, దీపాలు పరీక్ష చేయించి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఆమె ఫైలులో అన్నీ వరుసగా ఉన్నాయి. సుంకం ఎంత కట్టిందో ఇక్కడ రాయను, చదివేవాళ్ళకు కళ్ళు తిరుగుతాయి. మన దగ్గర మినీ ట్రక్కులు లేవా అమ్మా అని అడిగాను.

"ఉన్నయి సార్. గని దీనిమీద నాకు చెయ్యి కూసున్నది. మా గల్లీల మలపాలంటే గింతే ఉండాలె," అంది.

వెనక తొట్టి తీసేసి, ఆ స్థానంలో చిన్న గది కట్టించింది. పడక, వంటగట్టు, నీళ్ళ ట్యాంకు, అల్మారాలు, అన్నీ బండిలోనే. ఇలాంటిదాన్ని క్యాంపర్ అంటారు. చీటీ చూశాను. ఖాళీ బరువు పదకొండు వందల పది కిలోలు. మనుషులతో, సామానుతో కలిపి ఈ బండి మోయదగ్గ మొత్తం బరువు పన్నెండు వందల ముప్పై అని తయారీ పలక మీద ఉంది. ఖాళీ బరువు దానికి లోపలే ఉంది కాబట్టి నాకు అడ్డం లేదు. పెన్ను మూత తీశాను.

అప్పుడు అడిగాను, కేవలం కుతూహలంతో. పడక కింద ఓ పెద్ద అర ఖాళీగా ఉంది, ఇందులో ఏం పెడతారు అని.

ఆమె భర్త నర్సింహ కోసం అట. ఇరవై ఏళ్ళు టూరిస్టు బస్సు నడిపినవాడు, కాశీ నుంచి రామేశ్వరం దాకా యాత్రికులను తిప్పినవాడు. రెండేళ్ళ కిందట మూత్రపిండాలు పాడయ్యాయి. ఆస్పత్రిలో మిషను మీద చేసే డయాలిసిస్ కాదు ఆయనది. పొట్టలోకి గొట్టం ద్వారా రెండు లీటర్ల మందు నీళ్ళు ఎక్కించుకుని, కొన్ని గంటలయ్యాక దించి, మళ్ళీ కొత్తవి ఎక్కించుకోవాలి. రోజుకు నాలుగుసార్లు. దుమ్ము లేని గది కావాలి, లేకపోతే ఇన్‌ఫెక్షన్. అందుకని రెండేళ్ళుగా ఆ మనిషి ఆస్పత్రికి తప్ప నారాయణగూడ దాటలేదు. ఆ అర మందు సంచుల కోసం. ఒక్కోటి రెండు కిలోల పైచిలుకు, శ్రీశైలం మీదుగా పది రోజుల ప్రయాణానికి నలభై సంచులు.

నేను మనసులో లెక్క వేశాను. పలక మీది బరువులో నూట ఇరవై కిలోలు మిగిలాయి. మొగుడూ పెళ్ళాం ఎక్కి కూర్చుంటే ఆ నూట ఇరవై సరి. సంచులకు చోటుంది కానీ బరువు లేదు. పెన్ను మూత పెట్టి, బండిని ప్రయాణానికి ఎలా నింపుతారో అలా నింపి, మళ్ళీ తూచి చూపించమన్నాను.

"రూల్ల ఉన్నదా సార్ గట్ల?"

లేదన్నాను. ఆమె నన్ను చూసిన చూపు నాకు తెలుసు. ఏదో ఆశించి సాగదీస్తున్నాడని. సర్కారు ఉద్యోగికి ఆ చూపు కొత్త కాదు గానీ, ఆ రోజు మాత్రం గుచ్చుకుంది. తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు ఇంకా ఇరవై రెండు రోజులే ఉంది. ఆమె కోపానికి కారణం ఉంది.

నేను ఉండేది అశోక్‌నగర్‌లో. బండి నింపడం చూసి, తూకానికి వెంట వెళ్దామని మర్నాడు పొద్దున్నే నడుచుకుంటూ చిక్కడపల్లిలో వాళ్ళ గల్లీకి వెళ్ళాను. నింపిన బండిని దగ్గర నుంచి చూసేసరికి సంగతి అర్థమైంది. లోపలి పని చేసింది వీరాచారి, అశోక్‌నగర్ ఫ్లాట్లకు వంటగదులు చేసే పేరున్న వడ్రంగి. ఆయన బండిలోనూ ఫ్లాటే కట్టాడు. దళసరి ప్లైవుడ్ అల్మారాలు, పైన అటక, దేవుడి గూడు, వంటగట్టు మీద నల్ల గ్రానైట్. మూలన గ్రైండరుకు పీట కూడా ఉంది. ఆ గ్రానైట్ చూసి నాకు నవ్వాగలేదు.

"ఇరవై ఏండ్లు చెక్కు చెదరదు సార్, గ్యారంటీ," అన్నాడు అక్కడే ఉన్న వీరాచారి. గట్టు చెదరదు, దాన్ని మోసే బండి సంగతేమిటని అడిగాను. బండి సంగతి తనకు ఎవరూ చెప్పలేదన్నాడు. అదీ నిజమే.

సుజాత నడిపింది, నేను పక్కన కూర్చున్నాను. నర్సింహ వెనక ఆటోలో. నారాయణగూడ ఫ్లైఓవర్ దిగుతుండగా ముందు సిటీ బస్సు ఆగింది. ఆమె బ్రేకు తొక్కింది. బండి ఆగాల్సిన చోట ఆగలేదు. వెనక గిన్నెలు, గ్రైండరు అన్నీ ఒక్కసారి ముందుకు వచ్చిన చప్పుడు. బస్సుకు రెండడుగుల దూరంలో ఆగాం. అంబర్‌పేట వైపు ధర్మకాంటా దాకా ఆమె ఆటోల కంటే నెమ్మదిగా నడిపింది.

నేను దిగాను, నర్సింహ నా స్థానంలో కూర్చున్నాడు. కాంటా మీద పద్నాలుగు వందలు చూపించింది. నూట డెబ్బై ఎక్కువ.

నర్సింహ దిగి ఆ అంకెను చూశాడు. డ్రైవరుకు వేరే చెప్పక్కర్లేదు. "ఇగ ఇంటికి తోలు," అన్నాడు భార్యతో, అంతే. ఆయన వెళ్ళి ఆటోలో కూర్చున్నాక సుజాత నా దగ్గరికొచ్చి నెమ్మదిగా చెప్పింది. నాలుగు గోడల మధ్య సంచులు మార్చుకునే బతుకు తనకొద్దని, డయాలిసిస్ ఆపేస్తానని ఆయన చాలాసార్లు అన్నాడట. బండి తయారయ్యేదాకా ఆగమని ఆమె మాట తీసుకుందట.

"ఇప్పుడు నేనేం చెప్పాలె సార్ ఆయనకు?"

పన్నెండు వందల ముప్పై లోపు తెస్తే ఆ రోజే సంతకం పెడతానని మాత్రం చెప్పాను. తర్వాతి రోజుల్లో నాకు అన్నం సయించలేదు. రూల్లో లేనిది అడిగి ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చానేమో అనిపించేది. అదే సమయంలో ఘాట్ రోడ్డు మీద ఆ బండి, ఆ బ్రేకులు గుర్తొచ్చేవి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

పంతొమ్మిదో రోజు వాళ్ళు వచ్చారు. ముందు దిగింది నర్సింహ. ఆ పూట ఆయనే ఎక్కువ మాట్లాడాడు. గ్రానైట్, గ్రైండరు పోయాయి. ప్లైవుడ్ స్థానంలో సన్నని అల్యూమినియం చట్రం, పల్చని రేకు. వీరాచారి మూతి ముడుచుకునే అయినా శుభ్రంగా చేశాడు. దాంతో నూట ముప్పై కిలోలు తగ్గినా ఇంకా నలభై మిగిలిందట. సుజాత సంచులు ముందేసుకుని కూర్చుంటే, ఎవరితోనూ మాట్లాడకుండా ఉన్న నర్సింహ లేచి వచ్చి, అన్నీ మోసుకుపోవడం ఎందుకని అడిగాడట. మూడు రోజులకు సరిపడా పన్నెండు సంచులు బండిలో, మిగతావి బస్సు పార్సిల్‌లో ముందే దారిలోని ఊళ్ళకు. దించి పెట్టడానికి ప్రతి ఊళ్ళో ఒక పాత డ్రైవరు దోస్తు ఉన్నాడు. రెండు రోజులు కూర్చుని ఆయనే అందరికీ ఫోన్లు చేశాడు.

"రెండేండ్లల్ల ఆయనంతల ఆయన ఫోన్ పట్టుడు గదే మొదలు సార్," అంది సుజాత.

మళ్ళీ అదే ధర్మకాంటా. ఇద్దరూ సీట్లలో, మూడు రోజుల సామానుతో, ట్యాంకు నిండా నీళ్ళతో. అంకెలు నిలబడేదాకా నేను కాంటా దగ్గర నుంచి కదల్లేదు. నర్సింహ కిటికీలోంచి తల బయట పెట్టి, "నా కడుపుల రెండు లీటర్లున్నయి సార్, దించుకొని రమ్మంటరా?" అని అడిగాడు. కాంటా మనిషి కూడా నవ్వాడు.

పన్నెండు వందల పది.

గుండెల మీది బండ దిగినట్టయింది. బండి బానెట్ మీద పెట్టి సంతకం చేద్దామని వెళ్ళాను. బానెట్ లేదు కదా, నర్సింహ తన ఒళ్ళో ప్యాడ్ పట్టుకున్నాడు. దాని మీదే పెట్టాను.

వినాయక చవితి దాటాక శ్రీశైలం నుంచి ఫోన్ వచ్చింది. నర్సింహ మాట్లాడాడు. "ఘాట్ల బ్రేకులు మంచిగ పట్టినయి సార్. డ్రైవరే జర స్పీడు." వెనక నుంచి సుజాత ఏదో అంది, వినిపించలేదు. ఆ సాయంత్రం అన్నం కడుపునిండా తిన్నాను.

మిగిలిన పదకొండు నెలల్లో నా ముందుకొచ్చిన ప్రతి కట్టుడు బండికీ, చీటీ చూడకముందే ఒక ప్రశ్న వేశాను: ఇందులో ఏం పెడతారు? బడి పిల్లలని ఒకరు, ఆక్సిజన్ సిలిండర్లని ఒకరు, పెళ్ళి వంట పాత్రలని ఒకరు చెప్పారు. ఆరు బండ్లను నింపి తూచమని తిప్పి పంపాను. నాలుగు పలక మీది బరువు దాటాయి, తగ్గించుకుని వచ్చారు. పని నేర్చుకోవడానికి ఆ ప్రశ్న ఒక్కటి చాలు. అంతకుముందు ముప్పై ఏళ్ళు దాన్ని అడగకుండానే సంతకాలు పెట్టాను. ఆ బండ్లు ఇప్పుడు ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో నాకు తెలియదు.