రెండు పక్కలా జింక

ఆళ్లగడ్డలో అహోబిలం బస్సు ఎంతకీ రాలేదు. విసుగొచ్చి పక్కనున్న శిల్పుల షెడ్డులోకి వెళ్లాను. వరసగా నరసింహస్వాములు. వాళ్ల మధ్య ఒక సమాధి రాయి, దాని మీద ఉరికే జింక.

"ఈ జింక ఏమిటండీ?" అని అక్కడి శిల్పిని అడిగాను.

"పాత బస్సు కంపెనీ గుర్తప్పా. ఓనరు పోయినాడు, ఆయన సమాధికే ఇది. మొదటి బస్సు అడవి దారిలో పోతాంటే ముందర జింక ఉరికిందంట. బస్సు దాన్ని దాటలేకపాయ. ఆ మర్యాదకే అన్ని బస్సులకూ జింక బొమ్మ ఏయించినాడు. చదువు రానోళ్లు జింకను చూసి ఎక్కేటోళ్లు."

రాయి వెనక్కి వెళ్లి చూస్తే అక్కడా జింకే. రెండూ ఒకే దిక్కుకు ఉరుకుతున్నాయి.

"రెండెందుకు?"

"బస్సుకు రెండు పక్కలా ఉంటాది గదా. రెండూ ముందరికే ఉరకల్ల. ఇప్పుడు రాయికి ముందర యాడని కొడుకులు కొట్లాడినారు. సమాధేమో దొర్నిపాడు కాడ, వాళ్ల చేన్లో. పెద్దోడు నంద్యాలలో ఉంటాడు, నంద్యాల దిక్కు అంటాడు. చిన్నోడు ఈడుంటాడు, ఆళ్లగడ్డ దిక్కు అంటాడు."

"మరి ఎటు తేల్చారు?"

"వాళ్లమ్మ తేల్చింది. దొర్నిపాడులో వాళ్ల పాత ఇంటి దిక్కు పెట్టమనింది. ఎన్ని ఊర్లు తిరిగినా, ఆఖరు ట్రిప్పు ఇంటికేనంట."